ప్రెసిడెంటమ్మ పాలసీ, స్టోర్స్ తాత పాలసీసా

“సీసా ఉన్న ఇల్లు ఇల్లే కాదు! పీక మరిగిన బిడ్డ బిడ్డే కాదు! డబ్బా తెరిచిన చెయ్యి చెయ్యే కాదు!”

అని స్తన్యధారా సేవాసమితి అధ్యక్షురాలు సభావేదిక మీద మైకు పీక నొక్కి మరీ గర్జిస్తున్న సమయంలో, సరిగ్గా ఆ సమయంలోనే, ఆవిడ ఇంట్లో, ఆవిడ వంటింట్లో, ఆవిడ గిన్నెలో ఆరు పాలసీసాలూ ఆరు పాలపీకలూ మరిగే నీళ్ళలో మునకలేస్తున్నాయి. పక్కనే ఆవిడగారి భర్త చేతిగడియారం వంక చూస్తూ, రాకెట్టు ఎగరెయ్యబోయే శాస్త్రవేత్తలా ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు.

“పది నిమిషాలు మరగాలంటే పదే! తొమ్మిదిన్నర కాదు, సూక్ష్మజీవికి రిబేటు లేదు!” అన్నాడాయన, గిన్నెతోనే.

ఆయన ముప్ఫై రెండేళ్ళు మందుల గిడ్డంగిలో స్టోర్స్ ఆఫీసరుగా పనిచేసి రిటైరైన మనిషి. టీకామందులు దాచే చల్లగది తాళంచెవి ఆయన మొలకి వేలాడినంత కాలం ఒక్క టీకా పాడవలేదు. ఇప్పుడు గిడ్డంగి పోయింది, తాళంచెవి పోయింది, అలవాటు మాత్రం పోలేదు. ఇంట్లో అగ్గిపెట్టెకి కూడా వచ్చిన తేదీ, వాడాల్సిన ఆఖరి తేదీ రాసి చీటీ అంటించేవాడు. మూడు నెలల కిందట మనవడు పుట్టాక ఆ విద్యంతా పాలసీసా మీదికి మళ్ళింది. అందుకే ఇంట్లో ఆయనకి స్టోర్స్ తాత అని పేరు పడింది. మనవడికి మాత్రం మేనేజరు అని పేరు. ఎందుకంటే వేళాపాళా లేకుండా పిలుస్తాడు, ఎందుకు పిలిచాడో చెప్పడు, అందరూ పరుగెత్తుకెళ్ళి నిలబడాలి.

ఇక ఆ ఇంట్లో సీసా ఎందుకొచ్చిందంటే, కోడలు ప్రసవమైన వారానికే మంచాన పడింది. డాక్టరమ్మ గట్టి మందులు రాసి, “ఈ మందులు వాడినన్నాళ్ళూ బిడ్డకి నీ పాలు పట్టకు తల్లీ, డబ్బాపాలు పట్టు, శుభ్రంగా కలుపు, శుభ్రంగా దాచు,” అంది. కోడలు బావురుమంది. స్టోర్స్ తాత కాగితం, కలం తీసి “ఎన్ని డిగ్రీల నీళ్ళు?” అని అడిగాడు. ప్రెసిడెంటమ్మ గొంతు తగ్గించి, “డాక్టరమ్మా, ఈ సంగతి చీటీ మీద రాయకుండా కుదురుతుందా?” అని అడిగింది.

ముగ్గురి స్వభావాలూ తెలిసిపోయాయి కదా! అమ్మపాలకి మించినవి లేవని స్టోర్స్ తాతా ఒప్పుకుంటాడు. “కానీ దొరకనప్పుడో? బిడ్డకి ఉపన్యాసం పట్టలేం కదా!” అంటాడు. ప్రెసిడెంటమ్మ ఊళ్ళో డబ్బాపాలని తిడుతూ డబ్బా కొట్టుకుంటుంది. ఇంట్లో మాత్రం ఆ డబ్బాని దుప్పట్ల అలమారలో, దుప్పటి కింద, దుప్పటి కప్పి పెడుతుంది. ఫ్రిజ్‌లో సీసా పెట్టడానికి వీల్లేదని ఆర్డరు వేసింది. సమితి ఆడవాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు వస్తారు, మంచినీళ్ళ కోసం చనువుగా ఫ్రిజ్ తెరుస్తారు. అందువల్ల స్టోర్స్ తాత రాత్రనక పగలనక పూటపూటకీ అప్పటికప్పుడు నీళ్ళు మరిగించి, అప్పటికప్పుడు కలిపి పట్టిస్తున్నాడు. కోడలు గది తలుపు గడియ పెట్టుకుని బిడ్డకి పాలు పడుతోంది. సమితి పాలసీ సమితిదే, మేనేజరు పాలసీసా మేనేజరుదే.

అలా గుట్టుగా సాగిపోయేదే! కానీ ఆ రోజు సభ నుంచి ప్రెసిడెంటమ్మ మెడలో దండతోనూ మొహాన చెమటతోనూ ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది.

“ఏమండీ, కొంప మునిగింది.”

“ఏ సెక్షను?”

“‘సీసారహిత ఆదర్శగృహం’ అని ఇత్తడి ఫలకం ఇద్దామని పోయిన నెల తీర్మానం చేశాం కదా. మొట్టమొదటి ఫలకం మనింటికే ఇవ్వాలని మా సెక్రెటరీ లేచి ప్రతిపాదించింది. అందరూ చప్పట్లు కొట్టారు.”

“మంచిదేగా. మేకు నేను కొడతాను.”

“మీ మొహం! ఏడో నిబంధన ఉందండీ!”

ఏడో నిబంధన ఏమిటంటే: “సందర్శక సంఘం సభ్యులు సదరు గృహమున ఒక పాలపూట మొదలు మరుసటి పాలపూట వరకు, అనగా మూడు గంటలకు తగ్గకుండా, కదలక కూర్చుండి, సీసా కానరాలేదని స్వయముగా నిర్ధారించుకొనవలెను.”

“ఇంత దిక్కుమాలిన నిబంధన ఎవరు రాశారే?” అన్నాడు స్టోర్స్ తాత.

“నేనే,” అంది ప్రెసిడెంటమ్మ. “ఎదుటివాళ్ళ ఇళ్ళ కోసం రాశాను!”

వ్యవహారం అక్షరాలా పీక మీదికొచ్చింది. ఫలకం రాకపోతే వచ్చే నెల ఎన్నికల్లో కుర్చీ పోతుంది. సీసా బయటపడితే కుర్చీతో పాటు పరువూ పోతుంది. ఏం చెయ్యాలో సమితి పాలకవర్గానికే పాలుపోని పరిస్థితి!

“ఒక పని చెయ్యండి,” అంది ప్రెసిడెంటమ్మ చాలాసేపు ఆలోచించి. “వాళ్ళు రేపు పొద్దున తొమ్మిదిన్నరకొస్తారు. తొమ్మిదికి వాడికో సీసా పట్టేద్దాం. పన్నెండింటి సీసా కూడా అప్పుడే కలిపేసి, శాలువాలో చుట్టి అలమారలో పెడితే వెచ్చగా ఉంటుంది. వాడు ఏడవగానే అమ్మాయి తీసి పట్టేస్తుంది. ఎవరికీ తెలీదు.”

స్టోర్స్ తాత అంత ఎత్తున ఎగిరిపడ్డాడు.

“మూడు గంటలా! వెచ్చగానా! ఒసేవ్, కలిపిన పాలు బయట పెడితే రెండు గంటలు. అంతే. ఫ్రిజ్‌లో వెనకమూల పెడితే ఇరవై నాలుగు. శాలువాలో చుడితే అది సీసా కాదు, సూక్ష్మజీవులకి పురుటిగది! పన్నెండయ్యేసరికి ఒక్కొక్కటీ ముత్తాతై కూర్చుంటుంది!”

“రెండైతే ఏంటి, మూడైతే ఏంటి? ఒక్క గంటేగా!”

“రైలు దగ్గరికొచ్చాక ఒక్క అడుగేగా అని పట్టా మీద నిలబడు, తెలుస్తుంది!”

“మీ రూల్సు మీవేగానీ, నా పరువు?”

“నీ పరువుకి ఎక్స్‌పైరీ డేటు లేదు. పాలకుంది!”

గదిలోంచి కోడలు ఈ మాటలన్నీ వింటోంది. మూడు నెలలుగా ఆ పిల్ల ఏమీ అనడం లేదు. కొడుకుని పిలిచి సలహా అడుగుదామనుకున్నారు గానీ, అతడు ఇంట్లో గొడవ మొదలైన ప్రతిసారీ ఆఫీసులో అర్జంటు పని పడే జాతి మనిషి. అప్పటికే చెప్పులేసుకుని లిఫ్టు దగ్గరున్నాడు.

చివరికి స్టోర్స్ తాతే మధ్యేమార్గం కనిపెట్టాడు. పాలు ముందుగా కలపడానికి వీల్లేదు. కానీ మరిగిన నీళ్ళు శుభ్రమైన ఫ్లాస్కులో పోసి మూత బిగిస్తే వేడి నిలుస్తుంది. పొడిని కొలిచి, చెంచా అంచుకి సమానంగా గీసి, పొడిగా ఉన్న చిన్న డబ్బాలో వేసి పెట్టుకోవచ్చు. వాడు పిలిచినప్పుడు ఆ వేడినీళ్ళలో పొడి వేసి, కుళాయి కింద చల్లార్చి, చుక్క మణికట్టు మీద వేసి చూసుకుని పట్టెయ్యడమే! నీళ్ళు వేడిగా ఎందుకంటే పొడిలో ఏదైనా నక్కి ఉంటే చచ్చి ఊరుకుంటుంది. పక్కా ప్లాను!

అయితే ఇంట్లో ఫ్లాస్కులు రెండే. రెండూ కవలలు. ఒకదాంట్లో అతిథులకి కాఫీ. రెండోదాంట్లో మేనేజరుకి నీళ్ళు. మర్నాడు పొద్దున స్టోర్స్ తాత సహజంగానే రెండోదానికి చీటీ అంటించాడు: “శిశు వినియోగార్థం. మరిగిన వేళ 9.10. ఇతరులు ముట్టరాదు.” ప్రెసిడెంటమ్మ అది చూసి గుండె బాదుకుంది.

“ఇంకా నయం, ఫోటో కూడా అంటించలేదు!” అని ఆ చీటీ పీకి పారేసింది.

ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో చీటీ లేని సరుకు ఆయన ఏనాడూ చూడలేదు. మనసులో ఏదో కీడు శంకించింది.

*

సరిగ్గా తొమ్మిదిన్నరకి సందర్శక సంఘం దిగింది. ముగ్గురు. సెక్రెటరీ అనే ఆవిడ సన్నగా, పొడుగ్గా, ఎక్కడ తప్పుందా అని మెడ సాచి చూసే మనిషి. ట్రెజరర్ అనే ఆవిడ మెత్తగా, గుండ్రంగా, ప్రతిదానికీ “అయ్యో పాపం” అనే మనిషి. వైస్‌ప్రెసిడెంటు అనే ఆవిడకి చనువెక్కువ. ఎవరింటికెళ్ళినా చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, మొహమాటం వీధి మలుపులోనే విడిచి వచ్చేస్తుంది.

ముగ్గురూ హాల్లో సోఫాలో వరసగా కూర్చున్నారు. ఎదురుగా పడగ్గది తలుపు. కుడివైపు వంటిల్లు, మధ్యలో గోడ కూడా లేదు. అంటే వంటింటి నుంచి పడగ్గదికి వెళ్ళాలంటే ఆ ముగ్గురి మోకాళ్ళ ముందు నుంచే వెళ్ళాలి. సరిహద్దు దాటడమే తేలిక!

“మీ మనవడు ఎంత అదృష్టవంతుడు వదినా!” అంది ట్రెజరర్.

“అంతా మా కోడలి దీక్ష అమ్మా,” అంది ప్రెసిడెంటమ్మ. “సీసా అంటే ఎలా ఉంటుందో కూడా ఆ పిల్లకి తెలీదు.”

ఇలా రెండు గంటలు గడిచాయి. మాతృత్వం గురించి ఒక గంట, రాని సభ్యుల గురించి ఒక గంట. పదకొండున్నరకి వైస్‌ప్రెసిడెంటు లేచి, “కూర్చోండి వదినా, నేను పోస్తాగా, మనిల్లేగా!” అంటూ వంటింట్లోకి వెళ్ళి, చేతికందిన ఫ్లాస్కు తీసి మూడు కప్పుల నిండా వంచేసింది.

సెక్రెటరీ ఒక గుక్క తాగింది. కప్పులోకి చూసింది. మళ్ళీ తాగింది.

“కాఫీ... కాస్త పల్చగా ఉంది ప్రెసిడెంటుగారూ.”

“అడుగు కనపడుతోంది,” అంది ట్రెజరర్. “అయ్యో పాపం.”

ప్రెసిడెంటమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ ఉపన్యాసాల నోరు కదా, ఊరుకుంటుందా!

“వేడినీళ్ళ చికిత్స అమ్మా! ఈమధ్య మేం కాఫీ మానేశాం!”

“మరి ఆ పక్క ఫ్లాస్కులోంచి కాఫీ వాసన వస్తోందే?”

“మానేసిన కాఫీ!”

స్టోర్స్ తాతకి ఈ సంభాషణ వినపడటం లేదు. ఆయన కళ్ళు ఖాళీ ఫ్లాస్కు మీదున్నాయి. మేనేజరు నీళ్ళు పోయాయి! పన్నెండుకి ఇరవై నిమిషాలుంది. గబగబా గిన్నె పొయ్యి మీద పెట్టాడు. సెక్రెటరీ మెడ సాచింది.

“ఏం మరిగిస్తున్నారన్నయ్యగారూ?”

“జలుబమ్మా!” అన్నాడాయన, నోటికి మొదట ఏదొస్తే అది. “ఆవిరి పట్టుకుందామని!”

అందుకు సాక్ష్యంగా మండుటెండల్లో స్వెట్టరు తెచ్చి తొడుక్కున్నాడు కూడా. స్వెట్టరు జేబులో పొడి డబ్బా పెట్టుకోవచ్చని ఆయన ఆలోచన. పెట్టుకుంటూండగా ట్రెజరర్ చూడనే చూసింది.

“పొడుం అలవాటా అన్నయ్యగారూ?”

“అవునమ్మా. మూడు నెలలైంది మొదలై.”

“అయ్యో పాపం! పెద్ద వయసులో!”

అప్పుడు పిలిచాడు మేనేజరు. పదిహేను నిమిషాలు ముందే పిలిచాడు! వాడికి ఏడో నిబంధన ఏం తెలుసు? మొదట కుయ్‌మన్నాడు. తర్వాత కయ్‌మన్నాడు. ఆపైన ఇంటి అద్దాలు అదరగొట్టడం మొదలెట్టాడు. కోడలు వాణ్ణెత్తుకుని పడగ్గదిలోకెళ్ళి తలుపేసుకుంది. సంఘం ముగ్గురూ చేతులు ఒడిలో పెట్టుకుని, మౌనం పాటించినట్టు తలలు వంచారు.

“ఇస్తోందమ్మా తల్లి,” అంది సెక్రెటరీ భక్తిగా.

తల్లి ఏమిస్తుంది! జోకొడుతోంది. లోపల ఏడుపు ఆగడం లేదు.

వంటింట్లో స్టోర్స్ తాత సంఘానికి వీపు తిప్పి నిలబడ్డాడు. చేతులు కడిగాడు. నీళ్ళు మరిగాయి. సీసాలో ముందు నీళ్ళు, తర్వాత పొడి. ఆ వరస తప్పితే కొలత తప్పుతుంది. మూత బిగించాడు. కుళాయి కింద పట్టాడు. ఒక్కొక్క సెకనూ ఒక్కొక్క ఏడుపంత పొడుగుంది. వాడి ఏడుపు మధ్యలో బొంగురుపోయి, ఊపిరి కోసం ఆగుతోంది. అప్పుడొక్క క్షణం ఆయనకి ఇదంతా ఎవరి కోసం చేస్తున్నామా అనిపించింది. వెంటనే సర్దుకుని, సీసాని స్వెట్టరు కింద చంకలో ఇరికించుకుని, చెయ్యి విరిగినవాడిలా అదుముకుని హాల్లోకి అడుగుపెట్టాడు.

నాలుగడుగులు. ఇంకో నాలుగు వేస్తే గది.

“ఆగండి!” అంది ట్రెజరర్, దారికి అడ్డంగా లేచి. “జలుబన్నారు కదా అన్నయ్యగారూ! పసివాడి దగ్గరికి వెళ్ళకూడదు!”

“ఇప్పుడు తగ్గింది.”

“పావుగంటలోనా?”

“ఆవిరి గట్టిది!”

“ఎలా ఉందో చూద్దాం. అసలు మీకు తుమ్ములేవీ?” అంది సెక్రెటరీ. “ఇందాకట్నించీ చూస్తున్నాను, ఒక్క తుమ్మూ లేదు. జలుబేనా, ఇంకేమైనానా?”

జలుబు లేదంటే ఆవిరి గిన్నె సంగతి బయటికొస్తుంది. ఉందంటే గదిలోకి పోనివ్వరు. స్టోర్స్ తాత వాదన మానేసి, ముందు జలుబుని నిరూపించుకుందామనుకున్నాడు. రెండు చేతులూ పైకెత్తి, గోడ మీది గడియారం అదిరేలా “హాఛ్!” అన్నాడు.

రెండు చేతులూ పైకెత్తితే చంకలో ఏముంటుంది?

సీసా జారింది. నేల మీద ఒక్క గెంతు గెంతింది. దొర్లింది. ఎవరి తప్పో తనకి తెలుసన్నట్టు తిన్నగా దొర్లుకుంటూ వెళ్ళి, సెక్రెటరీ పాదాలకి తగిలి ఆగింది.

ప్రెసిడెంటమ్మ కళ్ళు మూసుకుంది.

సెక్రెటరీ వంగి సీసా తీసింది. పైకెత్తి వెలుతురులో చూసింది. పైమూత తీసింది. ఇక గర్జనే తరువాయి అని అందరూ చూస్తూండగా, ఆవిడ సీసా తలకిందులు చేసి, మణికట్టు లోపలివైపు టక్కున రెండు చుక్కలు వేసుకుంది.

“ఇంకా వేడిగా ఉంది,” అంది. “ఇంకో నిమిషం చల్లార్చాలి.”

“ఆ నురుగేమిటి?” అంది ట్రెజరర్ ముందుకొచ్చి. “కింద పడి గిలక్కొట్టుకుంది. వాడికి గాలి పట్టి కడుపునొప్పొస్తుంది. ఇలా రెండు అరచేతుల మధ్య మెల్లిగా తిప్పాలి వదినా, మజ్జిగ చిలికినట్టు కాదు.”

“అది కాదక్కా, పీక చూడు!” అంది వైస్‌ప్రెసిడెంటు. “రంధ్రం పెద్దది. మూడు నెలల వాడికి ఇది ఎక్కువే. మా మనవడికైతే నేను చిన్నరంధ్రం పీకే...”

ఆవిడ నోరు మూసుకుంది. అప్పటికి ఆలస్యమైపోయింది.

గదిలో ఏడుపు. ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తర్వాత ముగ్గురూ నీళ్ళు నమిలారు. కప్పుల్లో ఎలాగూ అవే ఉన్నాయి.

“నేను... చదివాను,” అంది సెక్రెటరీ. “శత్రువు ఆయుధం గురించి తెలుసుకోవాలి కదా.”

“మా పక్కింటివాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను,” అంది ట్రెజరర్.

“నేను కలగన్నాను,” అంది వైస్‌ప్రెసిడెంటు. పాపం, ఆవిడకి ఏమీ మిగల్లేదు.

ప్రెసిడెంటమ్మ ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. నిందితురాలి మొహం మెల్లిగా జడ్జి మొహమైపోతూండగా, స్టోర్స్ తాత మధ్యలోకొచ్చాడు. ఆయనకి ఎవరి కుర్చీతోనూ పని లేదు. ఎదురుగా మూడు గిడ్డంగులు, తనిఖీ లేని గిడ్డంగులు కనపడుతున్నాయి!

“సరే, అందరిళ్ళలోనూ సరుకుంది. ఎక్కడ దాస్తున్నారు?”

ముగ్గురూ కప్పుల్లోకి చూశారు.

“నేనడిగేది పరువు సంగతి కాదమ్మా. టెంపరేచరు!”

“చెప్పుల స్టాండులో,” అంది వైస్‌ప్రెసిడెంటు నేల చూపులు చూస్తూ. “పై అరలోనే లెండి.”

“ఫ్రిజ్‌లోనే పెడతాను,” అంది సెక్రెటరీ గర్వంగా. “తలుపు అరలో, జ్యూసు సీసా తొడుగేసి.”

“తలుపు అరా! తీసినప్పుడల్లా ఎండకి తిరిగొచ్చే అర అది! వెనకమూల పెట్టాలమ్మా! మరి మీ మనవడు తాగాక మిగిలితే?”

“మళ్ళీ మూత పెట్టి... తర్వాతి పూటకి...”

“ఎంగిలి పాలా! హతవిధీ! నోరు పెట్టాక మిగిలింది మిగిలినట్టే పారబొయ్యాలి!” ఆయన ట్రెజరర్ వైపు తిరిగాడు. “మీరు?”

“బట్టల బీరువాలో అన్నయ్యగారూ. చీర మడతల మధ్య. పొద్దున్నే కలిపేసి పెడతాం. సాయంత్రం దాకా వెచ్చగానే ఉంటాయి.”

స్టోర్స్ తాత అరవలేదు. గొంతు తగ్గించి అడిగాడు.

“మీ మనవరాలు ఎలా ఉంది?”

“బాగానే ఉందండీ. నెల రోజుల్నించీ విరేచనాలు, అంతే. పళ్ళొస్తున్నాయి కదా.”

“ఎన్నో నెల?”

“నాలుగు...” అని ట్రెజరర్ ఆగిపోయింది. నాలుగో నెలలో పళ్ళేమిటో ఆవిడకే వినపడింది. గుండ్రటి మొహంలో “అయ్యో పాపం” అనే మాట మొదటిసారి లోపలికి దిగింది. ఆవిడ గబుక్కున ఫోను తీసింది. “అమ్మాయ్! బీరువాలో సీసా... అవునే అదే... పారబొయ్యి! ఇప్పుడే! ఎవరు చూస్తే చూడనీ! దాన్ని తీసుకుని డాక్టరు దగ్గరికెళ్ళు, నేనూ వచ్చేస్తున్నాను...”

అంతలో పడగ్గది తలుపు దభాల్న తెరుచుకుంది. కోడలు, చంకన ఎర్రగా కందిపోయిన మేనేజరు.

“మీటింగయ్యాకే పాలు పడతారా మామయ్యా వీడికి?”

కోడలు సెక్రెటరీ చేతిలోంచి సీసా లాక్కుంది, చుక్క చూసుకుంది.

“మూడు నెలలుగా నా బిడ్డకి పాలు పట్టాలంటే గడియ పెట్టుకుంటున్నాను,” అంది. గొంతు పెద్దది కాదు గానీ ముగ్గురికీ సరిపోయింది. “నాకు రోగమొచ్చింది. దొంగతనం రాలేదు. మీరు వేదికలెక్కి ‘డబ్బా తెరిచిన చెయ్యి చెయ్యే కాదు’ అంటుంటే, గదిలో కూర్చుని నా చేతులు నేను చూసుకున్నాను. ఇక గడియ పెట్టను అత్తయ్యా. ఇదిగో, మీరే పట్టండి!”

అని పిల్లవాణ్ణి తెచ్చి ప్రెసిడెంటమ్మ ఒళ్ళో పడేసి, సీసా ఆవిడ చేతిలో పెట్టింది.

మూడు నెలల్లో ప్రెసిడెంటమ్మ ఆ సీసాని ముట్టుకోలేదు. సిద్ధాంతం! ఇప్పుడు ముట్టుకోక తప్పలేదు, ఎందుకంటే మేనేజరు నోరు తెరిచాడు. పీక అందగానే ఏడుపు తెగిపోయింది. గుటక. గుటక. వాడు కన్నీళ్ళతోనే నానమ్మని గుడ్లప్పగించి చూస్తూ, సీసా పట్టుకున్న ఆవిడ వేలిని తన గుప్పిట్లో బిగించేశాడు. ప్రెసిడెంటమ్మ మోచెయ్యి కొద్దిగా ఎత్తి, వాడి తల సర్దుకుంది.

ట్రెజరర్ అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. సెక్రెటరీ గొంతు సవరించుకుంది.

“ట్రెజరర్‌గారు వెళ్ళేలోపు నివేదిక పని ముగిద్దాం. గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది. మూడు గంటలు నిండినట్టే. మరి... ఏమని రాద్దాం?”

“మనం ఏం చూశామో అది,” అంది వైస్‌ప్రెసిడెంటు.

“ఏం చూశాం?”

ముగ్గురూ ఆలోచించారు. ఇక్కడ సీసా చూశామని రాస్తే, అది సీసా అని మీకెలా తెలిసిందని సభలో ఎవరో లేచి అడుగుతారు. ఆపైన సందర్శక సంఘం వాళ్ళిళ్ళకీ బయల్దేరుతుంది. సెక్రెటరీ కలం కాగితం మీద చకచకా పరుగెత్తింది.

“‘మూడు గంటలపాటు కదలక కూర్చుండి నిశితముగా పరిశీలించినను, సదరు గృహమున పాలసీసా అనబడు వస్తువు ఎచ్చటను మా కంటబడలేదని ఏకగ్రీవముగా ధ్రువీకరించడమైనది.’ బావుందా?”

వెనకనుంచి గుటక, గుటక.

“ఏమ్మా, నీకేమైనా అభ్యంతరమా?” అని ట్రెజరర్ నిలబడే సంతకం చేస్తూ కోడల్ని అడిగింది.

“రాసుకోండి పిన్నిగారూ,” అంది కోడలు సోఫాలో వెనక్కి వాలి. “కాయితాలకి ఆకలెయ్యదు.”

“ఇంటిపెద్దగా అన్నయ్యగారు కూడా ఇక్కడ సంతకం పెట్టాలి,” అంది సెక్రెటరీ.

స్టోర్స్ తాత కలం తీసుకుని, మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

“సరుకు చూడకుండా సంతకం పెట్టడం నా సర్వీసులో లేదు. నాలుగిళ్ళ ఫ్రిజ్‌లలోనూ మధ్య అర, వెనకమూల ఖాళీ చెయ్యండి. ప్రతి సీసాకీ కలిపిన వేళ రాసిన చీటీ ఉండాలి. ఇరవై నాలుగు గంటలు దాటినది నాకు కనపడకూడదు. శనివారం శనివారం చెప్పకుండా వస్తాను, తనిఖీకి. ఒప్పుకుంటేనే ఈ సీసా నా కంటికి కనపడలేదు!”

వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, మూడు తలలు ఒకేసారి ఊపారు. సీసాలని నిర్మూలించడానికి పుట్టిన స్తన్యధారా సేవాసమితికి ఆ విధంగా సీసాల ఇన్‌స్పెక్టరు ఒకడు ఏకగ్రీవంగా నియమితుడయ్యాడు. ఆయన దిట్టంగా సంతకం పెట్టాడు.

“ఇక మిగిలింది మీ ఒక్కరి సంతకమే,” అంటూ సెక్రెటరీ కాగితాన్ని, కలాన్ని తెచ్చి అధ్యక్షురాలి మొహం ముందు పెట్టింది.

ప్రెసిడెంటమ్మ తలెత్తలేదు. మేనేజరు రెప్పలు వాలుతున్నాయి. సీసా అడుగున ఇంకా రెండు గుటకలున్నాయి.

“మెల్లిగా మాట్లాడమ్మా, తాగుతున్నాడు,” అంది గుసగుసగా. “నా సంతకం కూడా నువ్వే పెట్టెయ్యి. చూస్తున్నావుగా, నా చేతులు ఖాళీగా లేవు!”